తాడు కోసిన సీను

సీరియల్లో వాళ్ళు మాట్లాడే మాటలు వేరే ఎవరో రాసిపెడతారని నాకు యాభై దాటాక గానీ తెలియలేదు. అంతవరకూ ఆ ఏడుపులూ తిట్లూ వాళ్ళ నోటికి అప్పటికప్పుడు వచ్చినవే అనుకున్నాను. అక్షరాలు వచ్చిన కొత్తలో కంటబడిన ప్రతిదీ కూడబలుక్కుని చదివే పిచ్చి ఉండేది నాకు. సబ్బు కాగితం, మందు సీసా, బస్సు టిక్కెట్టు, ఏదైనా సరే. ఒక మధ్యాహ్నం సీరియలు అయిపోయాక టీవీలో పైకి పాకిపోయే పేర్లలో 'మాటలు' అన్న ముక్క దొరికింది.

"మాటలేటే? మాటలు కూడా అమ్ముతారేటి?" అని కోడల్ని అడిగాను.

"అమ్మడం కాదత్తా. ఆల్లు మాటాడీవన్నీ ఒకాయన కూకుని రాస్తాడు. ఆల్లు బట్టీ పట్టి సెప్తారు."

"ఏడుపు కూడానా?"

"ఏడుపు కూడా."

ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఎవడో కూచుని రాసిన ఏడుపుకి ఇన్నేళ్ళు నా కొంగు తడుపుకున్నానే అని కోపం వచ్చింది. రెండు రోజులకు ఆ కోపం పోయి, వాడెలా రాస్తాడో చూడాలనిపించింది.

అక్షరాలు నేర్పింది కోడలే. ఒకసారి చేపల సంఘం ఆఫీసులో గుమాస్తా వేలిముద్ర కోసం నా బొటనవేలు పట్టుకుని మేక చెవి లాగినట్టు లాగాడు. ఇంటికొచ్చి "నాకు రాత నేర్పు, నేకపోతే నీకు నాకు మాటల్నేవు" అన్నాను. అది పదో తరగతి దాకా చదివిన పిల్ల. ఏడాదిన్నర పట్టింది. ఒత్తులు ఇప్పటికీ సరిగ్గా రావు. అయినా రాస్తాను.

మా ఊరు సముద్రం ఒడ్డున, శ్రీకాకుళం టౌనుకు రెండు బస్సులు మారాలి. మా ఇంటి పక్క ఇల్లు మా అప్పది, అంటే నా తోడబుట్టిన అక్కది. మా ఇద్దరినీ ఒకే ఊరికిచ్చారు. ఆమె మొగుడూ నా మొగుడూ ఒకే పడవ మీద వేటకు వెళ్ళేవారు. నా కొడుకు ఇంకా పాకుతున్న రోజుల్లో, ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున పడవ మీద నలుగురు వెళ్ళి ముగ్గురు వచ్చారు. రానివాడు మా బావ. "అల లాగీసింది" అన్నారు వచ్చినవాళ్ళు.

సముద్రంలో పోయినవాడు ఒడ్డుకు కొట్టుకురాకపోతే మా ఊళ్ళో కొన్నాళ్ళు చూస్తారు. ఆ తర్వాత దర్భలతో మనిషి ఆకారం కట్టి, ఆ మనిషి లుంగీ ఒకటి దానికి చుట్టి, ఇసుకలో కాలుస్తారు. భార్య తన గాజులు తీసి ఆ బొమ్మ గుండె మీద పెట్టాలి. అప్పుడే నిప్పు. ఆమె పెట్టకపోతే ఆ మనిషి పోయినట్టు కాదు. పెద్దలు మా అప్పను మూడుసార్లు అడిగారు. మూడోసారి ఆమె వాళ్ళ మీదే తిరగబడింది.

"మీరు శవాన్ని సూసినారా? సూడనోల్లకి ఎందుకంత తొందర? ఆడు ఒస్తాడు. ఒచ్చి, నీ గాజులేవే అని అడిగితే మీరు సెప్తారా?"

ఇక ఎవరూ అడగలేదు. ముప్పై అయిదేళ్ళ పైమాటే. మా ఊరు మాటకు కరుకేగానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమెను కాపాడింది. పేరంటానికి పిలిచేవారు. పసుపు రాసేవారు. పెళ్ళి పిలుపులు ఇద్దరి పేరునా చెప్పేవారు. దూరపు నీళ్ళల్లో దారితప్పి పరాయి దేశం జైల్లో పడ్డ మావాళ్ళు ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చారని టీవీలో చూపిస్తే, ఆ రోజు మా అప్ప తలకు నూనె పెట్టుకుని దువ్వుకునేది. రేషను కార్డులో బావ పేరు ఎప్పుడో ఎగిరిపోయింది. చదవడం వచ్చాక అది నేను చూశాను. ఆమె "మా ఆయన పేరు సరిగ్గున్నాదా, సూడే" అని అడిగితే "ఉన్నాది" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది రాసి లాభం లేదు. బావను అల లాగలేదు. ఆ రోజు వల అడుగున రాతికి పట్టింది. తాడు బిగుసుకుని బావ కాలికి చుట్టుకుంది, ఆయన నీళ్ళలో పడ్డాడు. వల బరువుకి పడవ ఒక పక్కకి ఒరిగి నీళ్ళు ఎక్కుతున్నాయి. నా మొగుడు కత్తి తీసి తాడు కోసేశాడు. వలతో పాటు బావ కిందికి పోయాడు. మిగిలిన ఇద్దరూ నీళ్ళు తోడుతూ అటు చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం నా మొగుడు అన్నం ముందు కూచుని, ముద్ద కలపకుండా, ఇదంతా నాకు చెప్పాడు.

"కాలికి తాడున్నాదని సూసే కోసినాను. కొయ్యకపోతే నలుగురం పోదుము. మీ అప్పకి సెప్పకు."

చెప్పలేదు. ఆయన బతికున్నంతకాలం పట్టిన చేపలో మంచివి ఏరి అప్ప గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. "మా మరిది బంగారం" అనేది ఆమె. ఆయన పోయాక చెబుదామనుకున్నాను. చచ్చినవాడి మీద చెప్పడమేమిటని ఆగాను. ఊళ్ళో ఎవరి మొహం మీదైనా ఉన్నమాట అనేస్తానని నాకు పేరు. సర్పంచిని అన్నాను, వియ్యపురాలిని అన్నాను. గోడవతల ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదు.

మేమంతా పడి చచ్చే ఆ మధ్యాహ్నం సీరియల్లో కూడా ఒక పడవ మనిషి, ఆయన పెళ్ళాం. ఒకరోజు హీరో వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆమె ఒడ్డున నిలబడి ఉండగా సీరియలు ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆ టైముకి ఏదో వంటల కార్యక్రమం పెట్టారు. మా అప్ప వారం రోజులు ఆ టైముకే వచ్చి టీవీ ముందు కూచుని, ఎవరో వంకాయలు కోస్తుంటే చూసింది.

"ఆల్లు ఆపీసినారు పెద్దత్తా, మరి రాదు," అంది కోడలు.

"ఆపడానికి ఆల్లెవులు? ఆడు ఒచ్చినాడో నేదో సెప్పక్కర్నేదేటి?"

ఇలాంటి బాధ మాకొక్కళ్ళకే కాదట. ఆ సీరియలు పిచ్చివాళ్ళంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. కోడలు అందులో చేరి నన్నూ చేర్చింది. గ్రూపు నడిపేది కొత్తవలసలో బట్టలు కుట్టే ఒకామె. ఆమెను చూడలేదు ఎప్పుడూ, గొంతు మాత్రం తెలుసు. టీవీవాళ్ళు వదిలేసింది మనమే ముగిద్దాం అంది ఆమె. వారానికొకరు ఒక ఎపిసోడు రాయాలి. అచ్చం సీరియలు వాళ్ళు రాసినట్టే. సీను నంబరు, చోటు, పగలా సాయంత్రమా, ఎవరెవరున్నారు, తర్వాత ఎవరి మాట వాళ్ళది. రాసింది గ్రూపులో పెడితే అందరూ చదివి బాగోగులు చెబుతారు. ఆ తర్వాత తలొక పాత్రా పంచుకుని, ఎవరి ఇంట్లో వాళ్ళు కూచుని మాటలు చదివి పంపితే, టైలరమ్మ అన్నీ అతికించి నాటకంలా వినిపిస్తుంది.

మొదట్లో నేను వినడమే. ఒకసారి పాతపట్నం నుంచి ఒక పంతులమ్మ రాసిన సీన్లో, వేటకెళ్ళే మొగుడికి పెళ్ళాం చేపల పులుసు క్యారేజీ కట్టి ఇచ్చింది. నేనూరుకోలేకపోయాను. ఫోన్లో బొత్తాం నొక్కి గొంతు పంపాను.

"ఏటమ్మా ఇది? సేపలు పట్టడానికెల్లీవోడికి సేపల కూరెడతావా? మా మగోల్లు గంజన్నం, ఉల్లిపాయ పట్టుకెల్తారు. పులుసెట్టి పంపితే ఆడు పడవలో తొంగుంటాడు గానీ వలేస్తాడేటి?"

గ్రూపంతా నవ్వే బొమ్మలు. టైలరమ్మ "అయితే వచ్చే వారం మీరే రాయండి పెద్దమ్మా" అంది. రాయనంటే పారిపోయినట్టుంటుంది. సరే అన్నాను.

పొడుగు నోటుబుక్కు కొన్నాను. సీను ఒకటి, చోటు ఒడ్డు, పగలు అని రాసి రెండు రోజులు అలాగే కూచున్నాను. మనిషిని నిలబెట్టడం తేలికే, నోరు తెరిపించడమే కష్టం. మూడోరోజు మా అప్పా నేనూ నెత్తళ్ళు ఎండబెట్టే దిబ్బ మీద పనిలో ఉన్నాం. ఎండకు చేప ఒకవైపు గట్టిపడగానే తిరగెయ్యాలి, లేకపోతే కంపు కొడుతుంది. తిరగేస్తూనే అడిగాను.

"అప్పా, సీరియల్లో ఆ పిల్లని అత్తగారు 'ఎన్నాల్లే ఇలగ సూస్తావు' అని అడిగింది. అది ఏటంటాది?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సూడ్డం ఒక పనేటి? నాను వొండుతన్నాను, తింటన్నాను, తొంగుంటన్నాను. ఆడొచ్చీసరికి నాను ఉండాలి గదా, అందుకు. అని సెప్తాది."

అదే రాశాను, అక్షరం మార్చకుండా. కోడలు ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ఆ ఒక్క మాటకి మూడు రోజులు పొగడ్తలు వస్తూనే ఉన్నాయి. నెల్లిమర్లలో మిల్లు పని మానేసిన ఒకాయన, ఆ మాట విని బయటికెళ్ళి నిలబడ్డానమ్మా అని గొంతు పంపాడు. నేను అప్పకు వినిపించాను. ఆమె మూతి తిప్పుకుంది గానీ సంతోషం దాగలేదు.

"నాను సెప్పిందే గదా. నీదేటి గొప్ప? నువ్వు గీతలు గీసినావు."

ఆ తర్వాత అదే పద్ధతి. మగవాళ్ళ మాటలు, అత్త మాటలు నేను కట్టేదాన్ని. ఆ పిల్ల మాటలు మా అప్పవి. చేపలు తిరగేస్తూ ఆమె చెబుతుంటే, పక్క గట్ల మీద పనిచేసే ఆడవాళ్ళు కూడా చెవులు ఇటు పడేసేవారు. "పెద్దమ్మా, ఆ పిల్లకి ఒక సీర మార్పించు, నాల్నెల్లనించీ అదే సీర" అని ఒకతి, "అత్తని మెట్లమీంచి పడీసీయండి" అని ఇంకొకతి. మా అప్ప ఎన్నడూ అంతగా మాట్లాడగా నేను వినలేదు. ఆ పిల్ల పేరు మీద ఆమె తన సంగతులన్నీ చెప్పుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. పసుపు రాస్తుంటే అవతలివాళ్ళ చెయ్యి ఒక్క పిసరు ఆగడం, ఇంట్లో రెండు కంచాలు తోమి పెట్టడం. ఒక్కటే షరతు పెట్టింది.

"ఒసే, ఏటి రాసినా రాయి గానీ ఆడ్ని మాత్రం సంపకు."

"సీరియలే గదే అప్పా."

"సీరియలైతేటి? రాసీసినాక రాసినట్టే."

ఆమెకు చదువు రాదు. కాగితం మీద పడ్డదేదైనా తీర్పులాగే ఆమెకు. నేను మాట ఇచ్చాను.

చివరి ఎపిసోడు ఎవరు రాయాలన్నప్పుడు గ్రూపులో పెద్ద రగడ. హీరో రావాలని కొందరు, వస్తే నవ్వులపాలవుతుందని కొందరు. రెండు వారాలు పోట్లాడుకుని చివరికి టైలరమ్మ నాకు ఫోను చేసింది.

"పెద్దమ్మా, సముద్రం తెలిసింది మీకే. వచ్చినా రాకపోయినా మీరు రాసిందే ఖాయం. ఎవరూ నోరెత్తరు."

నిజం చెప్పాలంటే నాకు తలకెక్కింది. వేలిముద్ర వేసుకునే మనిషిని, వందమంది నా ముక్క కోసం కాచుకుని ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని చెప్పి దిబ్బకు వెళ్ళడం మానేసి ఇంట్లో కూచుని రాయబోయాను. ముందు అప్పకిచ్చిన మాట ప్రకారం హీరోని తీసుకొచ్చాను. పడవ దింపాను, ఇసుక మీద నడిపించాను, గుమ్మంలో నిలబెట్టాను. అక్కడ ఆగిపోయింది. అన్నేళ్ళ తర్వాత వచ్చినవాడు ఏమంటాడు? మూడు మధ్యాహ్నాలు వాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టాను. వాడు నోరు తెరవలేదు. తెరవడానికి వాడు లేడని నాకు తెలుసు గదా.

నాలుగో రోజు ఆ కాగితాలు చింపేసి కొత్తగా మొదలుపెట్టాను. సీను ఒకటి. చోటు నడి సముద్రం. పగలు. హీరో, వాడి స్నేహితుడు, ఇంకో ఇద్దరు. వల రాతికి పట్టడం, కాలికి తాడు, ఒరిగిన పడవ, కత్తి. నా మొగుడు నాకు చెప్పింది చెప్పినట్టు రాశాను. కిందికి పోయేముందు హీరో ఒక్కసారి పెళ్ళాన్ని పిలిచాడని నేను కలిపాను, సీను నిండుగా ఉంటుందని. రెండో సీన్లో ఆ స్నేహితుడు ఒడ్డుకొచ్చి ఆమె కాళ్ళమీద పడి అంతా ఒప్పుకున్నాడు. నా మొగుడు చెయ్యంది వాడి చేత చేయించాను. మూడో సీన్లో దర్భబొమ్మ, గాజులు, ఆమె పెద్ద ఏడుపు. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. ముప్పై అయిదేళ్ళు మూసిపెట్టినది ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పేస్తుంటే ఎంత తేలికైందో చెప్పలేను. ఇది మాదని వాళ్ళకు తెలిసేదెలా? అప్పకా, చదువు రాదు. అలా అనుకున్నాను.

కాగితాలు ఫోటో తీసి, గ్రూపులో పెట్టకుండా నేనే టైలరమ్మకి పంపాను, ఎవరి మాటలు వాళ్ళకి ఆమే పంచుతుంది. ఆ సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి అప్ప అడిగింది.

"అయిపోనాదా? ఒచ్చినాడా?"

"ఒచ్చీసినాడే."

"ఒచ్చి ఏటన్నాడు?"

"ఆకలేస్తంది అన్నాడు."

ఆమె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పెళ్ళికూతురులా నవ్వింది. "అంతే, అదే అంటారు ఆల్లు," అని లోపలికి పోయింది. ఆమె గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వింటూ నేను అక్కడే నిలబడ్డాను. అప్పటికైనా నోరు విప్పవలసింది.

నాటకం కట్టడానికి వారమైనా పడుతుంది, అది ముందు నాకే వస్తుంది, అప్పకు వినబడకుండా చూసుకోవచ్చు అనుకున్నాను. టైలరమ్మ నాలుగు రోజుల్లోనే పూర్తి చేసి గ్రూపులో పెట్టేసింది. ఆ పూట నేను ఉప్పు బస్తాల కోసం టౌనుకు వెళ్ళాను. కోడలు తన ఫోన్లో గ్రూపు చూసుకుంది, అత్త రాసిన చివరి ఎపిసోడు వచ్చిందని మురిసిపోయి, పండగలప్పుడు పాటలు పెట్టే స్పీకరుకి తగిలించి దిబ్బ మీద అందరికీ వినిపించింది. కాగితాలు నేరుగా టైలరమ్మకే వెళ్ళాయి కాబట్టి, అందులో ఏముందో దానికీ తెలియదు.

నేను దిబ్బ ఎక్కేసరికి ఒక్కరూ మాట్లాడటం లేదు. ఊరికి ఊరంతా తెలిసినవాళ్ళే, ఆ రోజు ఆ పడవ మీద ఎవరెవరున్నారో తెలియంది ఎవరికి? కోడలు స్పీకరు పక్కన కూచుని ఏడుస్తోంది. "నాకు తెల్దత్తా, నాకు తెల్దు" అంటోంది. మా అప్ప మాత్రం వంగి నెత్తళ్ళు తిరగేస్తోంది. నేను దగ్గరికి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.

"ఆకలేస్తంది అన్నాడని సెప్పినావు గదే," అంది.

చేతిలోని సంచీ ఇసుక మీద పెట్టాను.

"కాలికి తాడున్నాదని నీకెవులు సెప్పినారు? నీ మొగుడేనా?"

తల ఊపాను.

"ఎప్పుడు సెప్పినాడు?"

"మూడో రోజున."

"మూడో రోజున," అని తనలో తను అనుకుంది. చేతిలో ఉన్న వరస పూర్తి చేసింది. తర్వాతి వరస కూడా చేసింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఊరిపెద్ద ఇంటికి తనే వెళ్ళి దర్భలు తెప్పించమని అడిగిందట. ఆయనకి ఎనభై ఏళ్ళు, మొదట మూడుసార్లు అడిగినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. పెట్టె అడుగున దాచిన లుంగీ ఆమే తెచ్చింది. మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. ఊరంతా వచ్చింది, నేనూ వెళ్ళాను. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. బొమ్మ కట్టారు. ఆమె గాజులు ఒక్కొక్కటే తీసి పెట్టింది. ఎడమచేతివి రాలేదు, వేళ్ళు వాచి ఉన్నాయి. ఎవరో సబ్బునీళ్ళు తెచ్చారు.

సిగ్గులేని సంగతి ఒకటి రాస్తున్నాను. ఆ నిప్పు దగ్గర నిలబడి, ఆమె ఇప్పుడు ఏమంటుందా అని నేను చూస్తున్నాను. నా మూడో సీన్లో ఆ పిల్లకి ఒకటిన్నర పేజీ ఏడుపు రాశాను. మా అప్ప ఏడవలేదు. చుట్టూ చూసి, "గాలెటున్నాది? పొగ పిల్లల మీదకెల్తంది, పక్కకి జరపండి" అంది. అంతే.

గ్రూపులో మాత్రం ఆ వారం పండగే. ఇంత బాగా ఎలా రాశావు పెద్దమ్మా, కళ్ళెదుట జరిగినట్టుంది అని ఒకటే పొగడ్తలు. తీసెయ్యమని టైలరమ్మకి ఫోను చేశాను. ఎందుకని ఆమె అడగలేదు, నా గొంతు విని తీసేసింది. అప్పటికే ఎంతమంది దాచుకున్నారో, ఎవరెవరికి పంపారో. కొత్త సీరియలు ఒకటి అనుకుంటున్నాం, మీరే రాయాలి అని తర్వాత చాలాసార్లు అడిగింది. జవాబివ్వలేదు. నోటుబుక్కు తెరిస్తే అందులో మాట్లాడటానికి ఒక్కరూ లేరు.

అప్పను ఇప్పుడు పేరంటానికి పిలవరు. పెళ్ళి పిలుపు ఒక్క పేరుకే వస్తుంది. ఊరు చేసింది తప్పనను, ఆచారం అది. దిబ్బకి రావడం ఆమె మానేసింది. ఉప్పు కావాలంటే అడుగుతుంది, పాలు విరిగాయంటే చెబుతుంది. నేను వండింది పట్టుకెళితే తీసుకుంటుంది. రెండు నెలలు అలాగే గడిచాక ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక వెళ్ళి ఆమె ముందు కూచున్నాను.

"తిట్టు. కొట్టు. ఏటోటి సెయ్యి."

"నిన్ను కొట్టి నానేటి సేసుకుంటాను?"

"నా మొగుడు సేసింది..."

"నీ మొగుడ్ని నాను ఏటీ అన్ను," అంది. "ఆడు కొయ్యకపోతే నువ్వూ నాలాగే కూకుందువు. ఆడు గుమ్మంలో ఎట్టిన సేపలన్నీ తిన్నాను నాను. ఆడు లోపలికి ఎందుకు రాడో ఒక్కరోజైనా అడిగినానేటి? నాకూ ఎక్కడో తెలుసేమో, ఎవులికెరక. నీ సంగతి వేరు."

నేను తల దించుకున్నాను.

"ఊరందరి మీదా నోరేసుకుని పడిపోతావు. నా ముందు కూకుని ఆ ఒక్క ముక్కా సెప్పుంటే, నీ ఒల్లో పడి ఏడ్సుందును. అయిపోయుండీది. ఎవులో కొత్తవలస మనిషి నా లాగ ఏడుస్తంటే, అది స్పీకర్లో ఒస్తంటే, సేపల కాడ నలుగురూ నన్నే సూస్తంటే, నాను ఎలగ ఏడవనే? నా ఏడుపు కూడా నువ్వే రాసీసినావు."

నేను లేవబోయాను. 

ఆమే ఆపి అంది. "ఇప్పుడు సెప్పు. కాయితం నేకుండా, నోటితో."

చెప్పడం మొదలుపెట్టాను. అంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు. నోరు తెరిస్తే నేను రాసిన మాటలే ముందుకొస్తున్నాయి. వాటిని పక్కకు నెట్టి, ఆ రోజు కంచం ముందు నా మొగుడు ఎలా చెప్పాడో అలాగే, అక్కడక్కడా ఆగుతూ చెప్పాను. రాయి, వల, తాడు, కత్తి. ఆమె నేల చూస్తూ వింది. అయ్యాక ఒక్కటే అడిగింది.

"నన్ను పిలిసినాడు గదా? ఎల్లిపోయినపుడు. ఫోన్లో ఇన్నాను."

అబద్ధం నాలుక చివరే ఉంది. రేషను కార్డు దగ్గర ఆడాను, గోడ దగ్గర ఆడాను. ఇంకొక్కటి ఆడితే ఆమెకు ఏదో ఒకటి మిగిలేది.

"నేదే అప్పా," అన్నాను. "పిలవనేదు. పైకి సూసినాడంట, అంతే. ఆ పిలుపు నాను రాసిందే."

ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. ఈ రెండు నెలలూ ఆమె పట్టుకుని ఉన్నది ఆ ఒక్క పిలుపునే అని అప్పుడు అర్థమైంది నాకు. ఏడుస్తుందనుకున్నాను, ఇప్పుడైనా నా దగ్గరికి వస్తుందేమోనని చేతులు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టుకుని కూచున్నాను. ఆమె రాలేదు.

"సరే, సెప్పినావు," అంది. లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.